చంటి చేతులు

మొదట గోల పెట్టినవి కప్పులే. చంటి ట్రే ఎత్తుకుని హోటలు ఫలహారాల హాల్లోకి అడుగుపెడితే చాలు, సాసర్ల మీద కప్పులు గలగలా కొట్టుకునేవి. పేపరు చదువుకుంటున్నవాళ్ళు తలెత్తి చూసేవారు. చంటి వాళ్ళ వైపు చూడకుండా, చెప్పిన మాట వినని పిల్లల్ని చూసినట్టు తన చేతుల వైపు కోపంగా చూసుకుంటూ నడిచేవాడు.

చంటికి ముప్పై ఆరేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. పొట్టి మెడ, గుండ్రటి ముఖం, చిన్న కళ్ళు, మాటలో కాస్త ముద్ద. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది. హోటలు వాళ్ళు కుట్టించి ఇచ్చిన చొక్కా మీద కూడా చంటి అనే ఉండేది. పొద్దుటి పూట హాల్లో టేబుళ్ళు సర్దడం అతని పని. కప్పు పిడి కుడివైపుకు తిరగాలి. చెంచా సాసరు అంచు దాటకూడదు. కాగితపు రుమాలు మడత బయటికి కనిపించకూడదు. ఎవరైనా చెంచా కాస్త వంకరగా పెడితే, వాళ్ళు పక్కకు వెళ్ళేదాకా ఆగి మరీ సరిచేసేవాడు. మేనేజరు కొత్తవాళ్ళకి "వెళ్ళి చంటి దగ్గర నేర్చుకోండి" అని చెప్పేవాడు. ఆ మేనేజరే ఒకరోజు అక్కకి ఫోను చేశాడు.

అక్క ఆ ఇంటికి పెద్ద కూతురు. తమ్ముళ్ళిద్దరూ పిలిచీ పిలిచీ, చివరికి తల్లి కూడా ఆమెను అక్క అనే పిలవడం మొదలుపెట్టింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెకు ఉద్యోగం. మొగుడితో తెగతెంపులయ్యాక ల్యాబుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు తీసుకుని ఒక్కతే ఉంటోంది. రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్ళ చిగుళ్ళ అచ్చులు ముందేసుకుని, మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చుతూ కూర్చుంటుంది. "ఈ ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు నా పళ్ళతోనే నవ్వుతున్నారు" అని జోకు వేస్తుంది గానీ, తను నవ్వడం తక్కువే.

"మేడమ్, ఏమీ అనుకోకండి," అన్నాడు మేనేజరు. "చంటి చేతులు వణుకుతున్నాయి. నిన్న ఒకావిడ ఒళ్ళో టీ ఒలికింది. కాలలేదు, బతికిపోయాం. కానీ 'ఇలాంటివాళ్ళని పన్లో ఎందుకు పెట్టుకుంటారు' అని నన్ను నలుగురి ముందూ కడిగేసింది. డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా వెనక గదిలో కూర్చోబెట్టి రుమాళ్ళు మడతపెట్టిస్తాను."

అక్క ఆ సాయంత్రమే అమ్మ ఇంటికి వెళ్ళింది. చంటి తలుపు తీశాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ముఖమంతా చెమట. కూర్చోమంటే కూర్చుని, మళ్ళీ లేచి, కిటికీ దాకా వెళ్ళి వచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏంట్రా ఇలా చిక్కిపోయావు?"

"ఆకలేస్తోంది," అన్నాడు చంటి.

"తింటాడమ్మా, ఇద్దరి తిండి తింటాడు," అంది అమ్మ వంటింట్లోంచి. "అది ఎక్కడికి పోతోందో ఆ హోటలు వాళ్ళనే అడగాలి. గొడ్డుచాకిరీ చేయిస్తున్నారు వాడితో."

అమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. వార్డులో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే పడుకున్న రోగులు కూడా దుప్పట్లు సర్దుకునేవారని చెప్పుకునేవారు. భర్త పోయాక ఇల్లూ, చంటీ ఆమెకు వార్డు అయిపోయారు. చంటికి థైరాయిడు తక్కువ. చాలా ఏళ్ళ నుంచీ పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకోవాలి. ఆ సీసా అమ్మ చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఎవరూ చూడలేదు. చూడాలని కూడా ఎవరూ అనుకోలేదు. మందుల దగ్గర అమ్మ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది?

నరాల డాక్టరు దగ్గరికి ముగ్గురూ కలిసే వెళ్ళారు. డాక్టరు చంటిని చేతులు చాపమని, వాటి మీద ఒక తెల్లకాగితం పరిచాడు. కాగితం టపటపలాడింది. మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూశాడు, నడిపించి చూశాడు. ఆ తర్వాత మాట్లాడాల్సినవన్నీ చంటి తల మీదుగా అమ్మతోనే మాట్లాడాడు.

"థైరాయిడు పరీక్ష చేయించారా?"

"మొన్ననే చేయించాను డాక్టర్. నార్మల్," అంది అమ్మ తడుముకోకుండా.

"మాత్ర?"

"రోజుకొకటి, పరగడుపున. నేనే వేస్తాను. వార్డంతటికీ మందులు పంచిన చెయ్యండీ ఇది."

డాక్టరు గౌరవంగా నవ్వి రాసుకున్నాడు. తర్వాత చంటి వైపు తిరిగి, గొంతు పెంచి, చెవిటివాడితో మాట్లాడినట్టు అడిగాడు. "ఇవాళ పొద్దున్న ఏం తిన్నావు?"

"గుడ్డు," అన్నాడు చంటి.

"గుడ్డేంట్రా? రొట్టె తిన్నావుగా," అంది అమ్మ.

చంటి అమ్మ ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "రొట్టె," అన్నాడు.

డాక్టరు అక్క వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి అర్థం వాళ్ళు బయటికి వచ్చేముందు చెప్పాడు. ఇలాంటివాళ్ళకి ముసలితనం ముందే మీద పడుతుందట. నలభై దగ్గరపడేసరికి చాలామందికి మతిమరుపు జబ్బు మొదలవుతుందట. "ఈ వణుకు దానికి మొదలు కావచ్చు. ఖచ్చితమైన కారణం అంటూ చెప్పలేం. వీళ్ళ విషయంలో ఇలాంటివి మామూలేనమ్మా."

"రక్తపరీక్షలేమన్నా రాస్తారా?" అడిగింది అక్క.

"అమ్మగారు చేయించామంటున్నారుగా."

డాక్టరు వణుకు తగ్గడానికి మాత్రలు రాసిచ్చాడు. దారంతా అమ్మ చంటి చెయ్యి పట్టుకునే నడిచింది. రోడ్డు దాటేటప్పుడు ఎవరు ఎవరిని ఆపారో అక్క గమనించలేదు.

ఆ మాత్రలు చంటి చేతుల్ని ఆపలేదు గానీ చంటిని ఆపేశాయి. హోటలు వెనక గదిలో మడతపెట్టిన రుమాళ్ళ మీదే తలపెట్టి నిద్రపోయాడు. రెండుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్న మేనేజరు మూడోసారి అక్కని పిలిచి, చంటి చొక్కాలు ఇస్త్రీ చేయించి మరీ సంచిలో పెట్టి ఇచ్చాడు. "మంచివాడు మేడమ్. మా అందరికీ బాధగానే ఉంది," అన్నాడు. బాధ నిజమే అయ్యుండొచ్చు. సంచి మాత్రం ముందే సర్ది ఉంచాడు.

ఇక నడిమివాడు రంగంలోకి దిగాడు. చంటికి అన్న, అక్కకి తమ్ముడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఏ కష్టానికైనా ఎక్కడో ఒక బటను ఉంటుందని, అది నొక్కితే పనైపోతుందని నమ్మే రకం. ఊరి బయట ఒక హాస్టలు చూసి వచ్చాడు.

"అక్కడ అందరూ ఇలాంటివాళ్ళే అక్కా. వాడికి కూడా తోడు. గదులు శుభ్రంగా ఉన్నాయి, నర్సులున్నారు."

"వాడికి తోడు అమ్మ ఉందిగా."

"అమ్మకి వయసు మీద పడింది. రేపు వీడికి పూర్తిగా మతి పోయి, అమ్మనే గుర్తుపట్టకపోతే? అప్పుడు నువ్వు చూస్తావా? నువ్వు పళ్ళ మధ్య, నేను లిఫ్టుల మధ్య. మాట్లాడవేం?"

అక్క గోళ్ళలో ఇరుక్కున్న మైనం గీక్కుంటూ కూర్చుంది. అమ్మ మాత్రం కుర్చీలోంచి లేవకుండానే, "నా కొడుకు నా దగ్గరే ఉంటాడు. ఎవడొచ్చి తీసుకెళ్తాడో చూస్తాను," అంది. చంటి అమ్మ కుర్చీ వెనకే నిలబడి, వణికే చేతుల్ని కుర్చీ వీపుకి ఆనించి గట్టిగా అదిమిపెట్టాడు.

నెలాఖరుకి హాస్టల్లో చేర్చడానికి మాట అనుకున్నారు. అంటే నడిమివాడు అన్నాడు, అక్క ఊరుకుంది. వెళ్ళేలోగా వాడితో నాలుగు రోజులు గడుపుదామని ల్యాబుకి సెలవు పెట్టి అమ్మ ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున్న అమ్మ లేచి, చేతులు కడుక్కుని, అలమరలోంచి సీసా తీసింది. మాత్ర అరచేతిలో వేసుకుని చంటి ముందు నిలబడింది. చంటి మింగాడు. "నాలుక ఎత్తు," అంది అమ్మ. ఎత్తాడు. కింద ఏమీ దాచలేదని చూసుకుని తల ఊపింది. వార్డు అలవాటు ఇంకా పోలేదని అక్క ముచ్చటపడింది కూడా.

చంటి స్నానం చేసి వచ్చాడు. అమ్మ అలమర తీసింది. సీసా తీసింది. మాత్ర అరచేతిలో వేసుకుని చంటి ముందు నిలబడింది.

"అమ్మా, ఇందాకే ఇచ్చావుగా," అంది అక్క.

"ఏది?"

"ఆ మాత్రే."

అమ్మ ముఖంలో అక్క ఎప్పుడూ చూడనిదేదో ఒక్క క్షణం కనిపించి మాయమైంది. మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే మెట్టు లేనప్పుడు మనిషి ముఖం అలా అవుతుంది. వెంటనే హెడ్ నర్సు తిరిగొచ్చేసింది. "నువ్వు నాకు చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచీ మందులు పంచుతున్నాను."

అక్క ఇంకేదో అనబోయేలోపే చంటి గభాలున మాత్ర తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగాడు. అడగకుండానే నాలుక ఎత్తి చూపించాడు.

పొరపాటేలే, ఎవరికైనా జరుగుతుంది అనుకుంది అక్క. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ మళ్ళీ అలమర దగ్గరికి నడిచింది. ఈసారి అక్కే ఎదురెళ్ళి సీసా లాక్కుంది. అమ్మ అరిచింది. మందుల దొంగ అంది. చంటి ఇద్దరి మధ్యకీ వచ్చి, అమ్మ భుజం పట్టుకుని మెల్లగా మంచం దగ్గరికి నడిపించాడు. "పడుకో అమ్మా. డ్యూటీ అయిపోయింది," అన్నాడు. అమ్మ పడుకుంది. ఆ మాట అతనికి కొత్తది కాదని అతని గొంతులోనే తెలిసిపోయింది.

అక్క చంటిని బయటికి తీసుకొచ్చింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"ఎప్పట్నుంచి రా ఇది?"

చంటికి నెలలూ తేదీలూ పట్టవు. ఆలోచించి, "హోటల్లో నీలం కప్పులు వచ్చినప్పట్నుంచి," అన్నాడు. ఆ కప్పులు వచ్చి ఏడాది దాటిందని తర్వాత మేనేజరు చెప్పాడు.

"రోజూ ఇన్నిసార్లు ఇస్తుందా?"

"ఒక్కోరోజు ఒకటే. ఒక్కోరోజు చాలా."

"నువ్వెందుకు మింగుతున్నావు? వద్దనొచ్చుగా?"

"వద్దంటే ఏడుస్తుంది. నేను మర్చిపోయానా, నేను మర్చిపోయానా అని ఏడుస్తుంది." చంటి వణికే చేతుల్ని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "గ్యాసు నేనే కట్టేస్తా. తాళం నేనే వేస్తా. పక్కింటావిడ పేరు నేనే చెప్తా, చెవిలో. ఆరోజు గుడ్డే తిన్నా అక్కా. రొట్టె కాదు."

డాక్టరు గదిలో వీడి మతి పోతోందని అందరూ తేల్చేసుకున్న ఆ క్షణంలో, వీడు తల్లి పరువు కాపాడుతూ కూర్చున్నాడు. కొడుకుని తల్లి చూసుకుంటోందని ఊరంతా మెచ్చుకుంటుంటే, ఆ ఇంట్లో కాపలా కాస్తున్నది చంటి.

"నాకు చెప్పొచ్చుగా రా. ఒక్క మాట."

"చెప్తే నడిమన్న అమ్మని పంపేస్తాడు. నానమ్మని పంపేశారుగా." మతి తప్పాక నానమ్మని ఆశ్రమంలో చేర్చిన సంగతి అక్కే దాదాపు మర్చిపోయింది. చంటి అప్పుడు పిల్లాడు. "నువ్వు చెప్పకు. నడిమన్నకి చెప్పకు. ఒట్టు వెయ్యి."

"చెప్పను," అంది అక్క. వాడి నెత్తిన చెయ్యి పెట్టి మరీ అంది. అన్నప్పుడు నిజంగానే అంది.

వీధి చివర క్లినిక్కులో ఒక డాక్టరమ్మ ఉంది. అక్క ఆ సాయంత్రమే చంటిని అక్కడికి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ నాడి పట్టుకుని, పట్టుకున్న చెయ్యి వదలకుండానే రక్తపరీక్షకి పంపమని నర్సుకి చెప్పింది. ఫలితం వచ్చాక ఆవిడ తల పట్టుకుంది. "ఒంట్లో ఆ మందు పొంగిపొర్లుతోంది. వణుకూ, చెమటా, చిక్కిపోవడం, అన్నీ దానివే. ముందు ఆ మాత్రలు ఆపండి. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతో నేను చెప్తాను. ఆ నిద్రమత్తు మాత్రల్ని కూడా మెల్లగా తగ్గించేద్దాం. చేతులు బాగవుతాయి."

"హమ్మయ్య," అంది అక్క.

"చేతులు అన్నాను," అంది డాక్టరమ్మ. "పసితనంలో గుండెకి ఆపరేషను అయిందన్నారు కదా. ఇన్నాళ్ళూ ఆ గుండె పరిగెత్తుతూనే ఉంది. ఇప్పుడు లయ తప్పి కొట్టుకుంటోంది. దాని విషయంలో నేను మాట ఇవ్వలేను."

అక్క మందులన్నీ తన సంచిలో పెట్టుకుంది. అమ్మకి పంచడానికని ఒక సీసాలో చిన్న చక్కెర బిళ్ళలు పోసి అలమరలో ఉంచింది. అమ్మ వాటిని పంచుతూ, నాలుక ఎత్తించి చూసుకుంటూ హాయిగానే ఉంది. ఇలాగే నెట్టుకొచ్చేయొచ్చని అక్క కొన్నాళ్ళు తనకి తను నచ్చజెప్పుకుంది. ల్యాబు నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. చంటి చేతులు మెల్లమెల్లగా మాట వినసాగాయి. ఒకరోజు రెండు కప్పుల్లో టీ పోసి, చప్పుడు లేకుండా తెచ్చి ముందు పెట్టి, అక్క ముఖంలోకి చూసి నవ్వాడు. ఆమెకి గుర్తున్నంతలో, చంటి తనని చూసి నవ్వడం అదే ఆఖరు.

నెలాఖరు వచ్చింది. నడిమివాడు హాస్టలు వాళ్ళకి మాట ఇచ్చేశానని, రేపు కారు తెస్తానని ఫోను చేశాడు.

"వాడికి తగ్గిపోయిందిరా. హాస్టలు వద్దు."

"మతిమరుపు జబ్బు తగ్గడమేంటక్కా? డాక్టరు చెప్పాడుగా."

"అది కాదు వాడి జబ్బు."

"మరేంటి? నరాల డాక్టరుకి తెలియనిది నీకు తెలిసిందా? ఏమైంది, చెప్పు మరి."

అక్క ఫోను చెవికి పెట్టుకుని నిలబడింది. అవతల గదిలో చంటి అమ్మ కళ్ళజోడు వెతికిపెడుతున్నాడు. చెప్పకపోతే రేపు చంటి వెళ్తాడు. చెప్తే... అక్కకి తెలుసు చెప్తే ఏమవుతుందో. తెలిసే చెప్పింది. గొంతు తగ్గించి, గోడ వైపు తిరిగి, అంతా చెప్పింది.

"అయ్యో, అమ్మా," అన్నాడు నడిమివాడు. ఏడ్చాడు కూడా. వాడికి అమ్మ మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ముక్కు చీదుకుని, ఆ వెంటనే, "అయితే అమ్మని పెట్టాలన్నమాట," అన్నాడు. "ఆ హాస్టలు వాళ్ళకే పెద్దవాళ్ళకి వేరే బిల్డింగు ఉంది. నేను చూశాను. బాగుంది."

అమ్మకి పరీక్షలు చేశారు. ఏ జబ్బు పేరు చంటికి అంటగట్టారో ఆ పేరే అమ్మకి వచ్చింది. నరాల డాక్టరే చెప్పాడు. చంటి సంగతి అక్క గుర్తుచేస్తే, "తగ్గిందిగా, సంతోషం," అని తర్వాతి రోగిని పిలిచాడు.

అమ్మ వెళ్ళే రోజు, తనని డ్యూటీకి తీసుకెళ్తున్నారనుకుంది. ముందే తయారై, జుట్టు ముడి వేసుకుని, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. చంటి మాత్రం కారు చక్రం ముందు నేల మీద చతికిలబడ్డాడు. నడిమివాడు బతిమాలాడు, తర్వాత కసిరాడు, తర్వాత రెక్క పట్టుకుని లాగాడు. అక్క వంగి "చంటీ, లేవరా నాన్నా," అంది. చంటి ఆమె చెయ్యి విదిలించుకున్నాడు.

"నువ్వు చెప్పావు," అన్నాడు.

"నిన్ను పంపేస్తారనిరా. నీకోసమే..."

"నేను వెళ్ళేవాణ్ణి." చంటి ఏడవలేదు. మామూలుగా మాటలు ముద్దముద్దగా వచ్చేవాడికి, ఆ మాటలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా, స్పష్టంగా వచ్చాయి. "నేను వెళ్ళేవాణ్ణి అక్కా. నన్ను అడగలేదు."

నిజమే. అడగలేదు. ఆ హాస్టలు మాట వచ్చినప్పటి నుంచీ వాడిని ఎవరూ ఏమీ అడగలేదు.

చంటి అక్క ఇంటికి వచ్చేశాడు. చేతులు ఇప్పుడు రాయిలా నిలకడగా ఉన్నాయి. అక్క వాడిని వెంటబెట్టుకుని హోటలుకి వెళ్ళింది. చంటి అడగకుండానే ట్రే నిండా కప్పులు పెట్టుకుని హాలు ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ఒక్క చప్పుడు లేదు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. తర్వాత అక్కని పక్కకి పిలిచాడు.

"సంతోషం మేడమ్. కానీ రేపు మళ్ళీ వస్తే? ఆవిడ చేసిన గొడవ మా పైవాళ్ళు ఇంకా మర్చిపోలేదు. పైగా ఆ చోట్లో వేరేవాడిని పెట్టేశాం."

"తప్పు వాడి ఒంటిది కాదని చెప్తున్నానుగా. మందు ఎక్కువైంది, అంతే."

"మీరు చెప్తే నేను నమ్ముతాను. వచ్చేపోయే అతిథులకి అదంతా ఎవరు చెప్తారు?"

తిరిగి వచ్చేటప్పుడు చంటి హాలు గుమ్మం దగ్గర ఒక్కక్షణం ఆగాడు. కొత్తవాడు సర్దిన టేబుల్ మీద చెంచాలు తలోదిక్కూ చూస్తున్నాయి. చంటి వాటిని ముట్టుకోలేదు.

వారానికోసారి అక్క అతన్ని అమ్మ దగ్గరికి తీసుకెళ్తుంది. అమ్మకి చంటి గుర్తున్నాడు. అక్కని చూస్తే మాత్రం, "ఇదే, నా మందుల అలమర తాళాలు ఎత్తుకెళ్ళింది," అని అక్కడి నర్సులకి చూపిస్తుంది. నర్సులు నవ్వుతారు. అక్క బయట వరండాలో కూర్చుంటుంది. లోపల తల్లీకొడుకులు ఏవో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆమె వెళ్తే ఆపేస్తారు.

ఇంట్లో చంటి ఏ పనికీ ఎదురు చెప్పడు. గిన్నెలు కడుగుతాడు, బట్టలు ఆరేస్తాడు, పెట్టింది తింటాడు. ఏం అడిగినా "ఏం లేదు" అంటాడు. బాగున్నావా అంటే ఏం లేదు. ఆకలా అంటే ఏం లేదు. సినిమాకి పోదామా అన్నా ఏం లేదనే అంటాడు. మొదట్లో అక్కకి నవ్వొచ్చేది. తర్వాత కోపం వచ్చేది. ఒకసారి పళ్ళెం విసిరికొట్టింది కూడా. చంటి ముక్కలు ఏరి, నేల తుడిచి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం ల్యాబుకి ఫోను వచ్చింది. కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ. "మీ తమ్ముడు మెట్ల మీద కూర్చుండిపోయాడండీ. గుండె పట్టుకుని ఉన్నాడు. ఏమైందంటే చెప్పట్లేదు. ఇదివరకు కూడా ఇలా రెండు మూడుసార్లు చూశాను. మీకు తెలుసేమో అనుకున్నాను."

అక్క చేతికి అంటిన మైనం కూడా కడుక్కోకుండా పరిగెత్తింది. చంటి పెదవులు నల్లబడి ఉన్నాయి.

"నొప్పా రా?"

"ఏం లేదు."

"ఎప్పట్నుంచి వస్తోంది? చంటీ, నన్ను చూడు. ఎప్పట్నుంచి?"

"ఏం లేదు."

క్లినిక్కులో డాక్టరమ్మ గుండె విని, తీగలు పెట్టి చూసి, మొహం గంభీరంగా పెట్టుకుంది. "ఇది ఇవాళ మొదలైంది కాదు. ఎన్నాళ్ళుగా వస్తోందో, ఎలా వస్తోందో తెలిస్తే గానీ నేను మందు మార్చలేను. మీరు చెప్పండి."

అక్క నోరు తెరిచింది. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఒకే కప్పు కింద కాపురం, ఒకే బల్ల దగ్గర తిండి. వాడి ఒంట్లో ఏం జరుగుతోందో దర్జీ ఆవిడకి తెలిసినంత కూడా తనకి తెలియదు.

డాక్టరమ్మ చంటి పక్కనే మంచం మీద కూర్చుంది. "చంటీ, నాకు చెప్పు. నొప్పి ఎక్కడ?"

చంటి ఆమెను చూశాడు. తర్వాత అక్కని చూశాడు.

"అక్క బయటికి వెళ్ళాలి," అన్నాడు.

అక్క బయటికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. బెంచీ మీద ఒక తల్లి దగ్గుతున్న బిడ్డని ఒళ్ళో వేసుకుని ఊపుతోంది. లోపలి నుంచి చంటి గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు గానీ గొంతు వినిపిస్తోంది, ఆగకుండా, ధారగా, ఎన్నో నెలల మాటలు ఒక్కసారే మాట్లాడుతున్నట్టు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. చేతిలో మందుల చీటీ.

"మందు మారుస్తున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వచ్చే వారం మళ్ళీ తీసుకురండి."

"ఏం చెప్పాడండీ?"

డాక్టరమ్మ చీటీని మడత పెట్టింది. "మీకు చెప్పనని మాట తీసుకున్నాడు," అంది.

అక్క చెయ్యి చాపి చీటీ తీసుకుంది.